పార్టీ: అనకాపల్లికి కొత్తగా వచ్చినవారికి తప్పని సలహాలు

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. అప్పట్నుంచీ బదిలీ మీద వచ్చి దిగేవాళ్ళకి లోటు లేదు. అద్దె ఇల్లు వెతికిపెట్టేవాళ్ళు, పిల్లల్ని ఏ స్కూల్లో వెయ్యాలో చెప్పేవాళ్ళు, నూకాలమ్మ గుడికి ఎటు తిరగాలో చూపించేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. "పార్టీ" అన్న మాట ఎక్కడ ఎలా వాడాలో చెప్పేవాడు మాత్రం ఒక్కడూ లేడు. రోజుకి పదిచోట్ల వినబడే మాట కదా, దానికేం చెప్పాలి అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ళే ఆరు నెలలకి అద్దె అడ్వాన్సుతో సహా నష్టపోతారు.

సలహాలివ్వడానికి మాకున్న అర్హత ఏమిటంటారా? "కన్యాశుల్కం" నాటకంలో ఇంగ్లీషు దంచే గిరీశాన్ని సృష్టించిన గురజాడ అప్పారావు 1862లో పుట్టిన రాయవరం ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉంది. ఇంగ్లీషు మాట మీద తడుముకోకుండా ఉపన్యాసం ఇచ్చే హక్కు జిల్లా హద్దులతో పాటే మాకు సంక్రమించింది.

అన్నిటికంటే ముందు, నిఘంటువు జోలికి పోకండి. అందులో పార్టీ అంటే విందనీ, రాజకీయ పక్షమనీ, దావాలో ఒక పక్షమనీ, పని మీద బయల్దేరిన జట్టు అనీ వరసగా నంబర్లు వేసి ఉంటాయి. అది చదివినవాడికి ఏ అర్థం ఇంట్లో ఆ అర్థం కాపురం ఉంటుందన్న భ్రమ పుడుతుంది. మాట పుట్టుక దాకా వెళ్తే మరీ ప్రమాదం. లాటిన్‌లో పంచడం, విడదీయడం అనే ధాతువు నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. అసలర్థం భాగం, వంతు. ఇది తెలిసినవాడు ఎక్కడ పార్టీ అన్న మాట వినబడినా "ఇందులో మన వంతెంత" అని నోరు జారతాడు. ఆ ప్రశ్న అందరి మనసులోనూ ఉంటుంది గానీ పైకి అడక్కూడదు.

ఈ మాట నేర్చుకోవడానికి బెల్లం మార్కెట్టుని మించిన బడి లేదు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. యార్డుకి ఎన్టీఆర్ పేరు పెట్టారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు తిరిగేసరికి ముఖ్యమంత్రి అయిన మనిషి. అయితే ఆయన పేరున్న గేటు దాటి లోపలికి వెళ్ళాక పార్టీ అంటే ఆయన పార్టీ కాదు, దాని ఎదుటి పార్టీ కూడా కాదు. కొనేవాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున్నే వెళ్ళి నిలబడండి. పొయ్యి సెగకి కళ్ళు ఎర్రబడ్డ రైతు దిమ్మలు దింపించుకుంటూ ఉంటాడు. కళాసీలు వాటిని వరసలుగా పేరుస్తుంటారు. వర్తకుడు వచ్చి ఓ దిమ్మ అంచు గోటితో గిల్లుతాడు. ఆ పలుకు వేళ్ళ మధ్య నలిపి, నాలిక మీద వేసుకుని, రంగు వంక ఓ చూపు చూసి, ఏమీ అనడు. రైతు అతని దవడ కదలిక వంకే చూస్తుంటాడు. అప్పుడు లోపల్నుంచి గుమస్తా కేక.

"పార్టీ ఒచ్చేడేటి?"

"ఒస్తన్నాడండి. ఒడిశా పార్టీ."

"రేటేటంటన్నాడు?"

"ఫోనెత్తట్లేదండి."

ఇంతే. ఈ నాలుగు ముక్కల్లో ఆ రోజు రైతు జాతకం అంతా అయిపోయింది.

ఇక్కడ వ్యాకరణం గమనించాలి. కార్యకర్తల మాటల్లో పార్టీ "వచ్చింది". స్నేహితుల మాటల్లో పార్టీ "అయింది". యార్డులో మాత్రం పార్టీ "ఒచ్చేడు". అదే పార్టీ రెండు లారీల సరుకు ఒక్కసారి ఎత్తితే "ఒచ్చేరు". సరుకెత్తేసి, డబ్బు పంపకుండా, ఫోను నంబరు మార్చేసిన నాడు "ఆ పార్టీ జారిపోయింది" అని మళ్ళీ అమహద్వాచకానికి దిగిపోతాడు. తెలుగు వ్యాకరణం ఇంత సున్నితంగా జేబు లోతు కొలుస్తుందని బడిలో ఎవరూ చెప్పరు. కాబట్టి కొత్తగా పరిచయమైన మనిషి గురించి వాకబు చెయ్యాలంటే బ్యాంకు స్టేట్‌మెంటు అక్కర్లేదు. ఊళ్ళో నలుగురూ అతని వెనక క్రియ ఎలా ముగిస్తున్నారో వినండి చాలు. ఇంటి కోసం ముందుగా ఇచ్చిన అడ్వాన్సు దక్కుతుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. అడ్వాన్సు ఇచ్చేశాక వినండి. ముందే వింటే ఇల్లు దొరకదు.

దిమ్మ తెచ్చినవాడు రైతు. దింపినవాడు కళాసీ. తూచినవాడు కొలగారు. కొట్టు వర్తకుడిది. వీళ్ళలో ఎవరూ పార్టీ కారు. ఏడాది పొడుగునా చెరకు పెంచి, నరికించి, గానుగాడించి, పాకం పట్టి తెచ్చినవాణ్ణి మీరు పొరపాటున "ఏమండీ పార్టీ గారూ" అని పిలిచారనుకోండి, అతను వెనక్కి తిరిగి చూస్తాడు, ఎవరొచ్చారా అని. పార్టీ అనిపించుకోవాలంటే సరుకు లేకుండా రావాలి. ఈ సూత్రం పట్టుకుంటే మిగతా అర్థాలన్నీ సులువు.

ఊళ్ళో 1913 నుంచీ చెరకు మీద పరిశోధన జరుగుతోంది. అక్కడివాళ్ళు తయారుచేసిన రకాలకి విశ్వామిత్ర అనీ, కనకమహాలక్ష్మి అనీ చక్కటి పేర్లు పెట్టారు. చెరక్కి పేరుంది, కొనేవాడికి పేరక్కర్లేదు, పార్టీ అంటే చాలు. మీరు కూడా పేరు అడక్కండి. పేరు అడిగితే బాకీ ఎవరి మీద రాయాలో తెలిసిపోతుంది. తెలిశాక అడక్కుండా ఉండలేరు, అడిగాక స్నేహం నిలవదు. "పార్టీ ఇంకా డబ్బులెయ్యలేదు" అన్న వాక్యంతో ఉగాది నుంచి వినాయకచవితి దాకా హాయిగా నడపొచ్చు. ఈ వాక్యంలో ఎవరి తప్పూ ఉండదు. వర్తకుడి తప్పు కాదు, అతను పార్టీ కాదు. పార్టీ తప్పు కాదు, అతనెవరో తెలీదు. మిగిలింది రైతు.

ఇది ఇంగ్లీషే కాదని కాన్వెంటు టీచర్లు పెదవి విరుస్తారు. పట్టించుకోకండి. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో మామూలు జనం "ఎవరో ఒక మనిషి" అనడానికి పార్టీ అనే అనేవారు. పెద్దమనుషులు అది మోటు ప్రయోగమని ఈసడించారు. వాళ్ళు ఈసడించి పారేసింది మన యార్డులో ఇప్పటికీ భద్రంగా ఉంది. ఈ మార్కెట్టు డబ్బుకి ఇంగ్లీషు తెలియదనడం కూడా అన్యాయం. ఊళ్ళోని ఏఎమ్ఏఎల్ కాలేజీ పేరులో ఉన్న మర్చంట్స్ అసోసియేషన్ ఈ ఊరి వర్తకులదే.

యార్డు దాటి రోడ్డెక్కితే స్థలాల బ్రోకర్లు. వీళ్ళ పార్టీకి ముందో విశేషణం తప్పనిసరి: గట్టి పార్టీ, జెన్యూన్ పార్టీ, హైదరాబాదు పార్టీ, ఎన్నారై పార్టీ. ఎన్నారై పార్టీని ఇంతవరకూ ఎవరూ కళ్ళతో చూసి ఉండరు. అందుకే ధర అంత బాగా పెరుగుతుంది. మీ దగ్గర డబ్బూ లేదు, కొనే ఉద్దేశమూ లేదు అనుకోండి. బెంగ పడకండి. ఓ ఆదివారం కారు అద్దెకి తీసుకుని పూడిమడక రోడ్డు మీద ఏదో ఒక లేఅవుటు దగ్గర ఆపి, దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని దూరంగా చూడండి. సాయంత్రానికి మీరూ ఓ పార్టీ. పెళ్ళిళ్ళ పేరయ్యలదీ ఇదే పద్ధతి. "పిల్లాడెలాంటివాడు?" అంటే "పార్టీ గట్టిదండి" అంటారు. పిల్లాడి సంగతి అందులో రాలేదని మీకనిపిస్తే మీరింకా పెళ్ళి సంబంధాలు చూసే వయసుకి రాలేదన్నమాట.

మీరొచ్చింది ఉద్యోగం మీద కాబట్టి ఆఫీసు అర్థం కూడా తెలియాలి. కౌంటరు ముందు కాగితంతో నిలబడినవాడు అర్జీదారు, లేదా "ఎవరో ముసలాయన". అదే కాగితం వెనక ఏదో బరువుందని అటెండరు పసిగడితే లోపలికొచ్చి గొంతు తగ్గించి "సార్, పార్టీ ఒచ్చేరు" అంటాడు. కొత్తలో మీరు "ఏ పార్టీ?" అని గట్టిగా అడుగుతారు. సెక్షను మొత్తం తలదించుకుని ఫైళ్ళు తిరగేస్తుంది. ఆ అమాయకత్వాన్ని వీలైనంత కాలం కాపాడుకోండి. అది పోతే ప్రమోషనైతే వస్తుంది గానీ ఏసీబీ వాళ్ళూ వెనకాలే వస్తారు, ముఖ్యంగా అటెండరు చెప్పే ఆ వాక్యం మీకు బాగా అలవాటైపోయాక.

రాజకీయాల్లో ఈ మాట వాడకం అన్నిటికన్నా తేలిక. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది కాబట్టి టీ కొట్టు దగ్గర ఎవరో "రాత్రి పార్టీ మారేడట" అంటారు. మీరు అవునా అని ఆశ్చర్యపోవాలి. నాయకుడు కండువా మార్చాడా, బెల్లం కొనే ఆసామీ మరో కొట్టుకి వెళ్ళాడా అని తేల్చుకోబోకండి. రెండింట్లోనూ జరిగేది ఒకటే, రేటు కుదిరింది. మొదటిదానికి చట్టం ఉంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు చేర్చారు. పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకున్న శాసనసభ్యుడికి సభ్యత్వం పోతుంది. మూడో వంతు మంది కలిసి చీలితే ఫరవాలేదని మొదట్లో ఓ వెసులుబాటు ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని వేరే పార్టీలో విలీనమైతేనే గట్టెక్కుతారు. దీన్నిబట్టి మీరు నేర్చుకోవలసింది ఏమిటంటే, ఒంటరిగా మారితే ద్రోహం, గుంపుగా మారితే విలీనం. మీ ఆఫీసులో కాఫీ తాగే బల్ల మారదల్చుకున్నా మూడింట రెండొంతుల మందిని వెంటబెట్టుకునే మారండి.

ఇక అందరూ ఎదురుచూసే అర్థం. "పార్టీ ఎప్పుడు?" అన్నది మన దగ్గర ప్రశ్న కాదు, నోటీసు. శుభం జరిగినవాడే ఖర్చు పెట్టుకోవాలన్నది నియమం. బండి కొంటే పార్టీ, అమ్మితే పార్టీ. బదిలీ అయితే పార్టీ, ఆగిపోతే ఇంకా పెద్ద పార్టీ. 2021లో వచ్చిన "పుష్ప" సినిమాలో ఫహాద్ ఫాజిల్ వేసిన పోలీసు అధికారి "పార్టీ లేదా పుష్పా?" అంటూ ఇలాంటి ప్రశ్ననే ఊరూరా ఊతపదం చేసి వదిలిపెట్టాడు. అంతకుముందు కాస్త మొహమాటపడేవాళ్ళు కూడా ఇప్పుడు గొంతు మార్చి అడిగేస్తున్నారు. తప్పించుకోవడానికి మార్గం ఒకటే, ఎదుటివాడు నోరు తెరవకముందే మీరు అడిగెయ్యాలి. అతనికి ఏ శుభమూ జరగలేదే అనుకోకండి. అడిగితే ఏదో ఒకటి బయటపడుతుంది. మాడుగుల హల్వా డబ్బా తెచ్చి బల్ల మీద పెడితే గండం గడుస్తుందనుకునే అమాయకులున్నారు. దాన్ని స్వీటంటారు. నలుగురూ తింటారు, చేతులు తుడుచుకుంటారు, "బాగుంది, మరి పార్టీ ఎప్పుడు?" అంటారు. మీరు మందు ముట్టనివారైతే ఆ సంగతి చెప్పుకోకండి. "అయితే బిల్లు లెక్క చూడ్డానికి మీరే ఉండాలి" అని ముందు వరసలో కూర్చోబెడతారు.

ఇంకో రకం ఉంది గానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బ్యాండ్ పార్టీ, భజన పార్టీ, కోలాటం పార్టీ. గవరపాలెంలో గౌరీపరమేశ్వరుల ఉత్సవం నాడు చూడాలి వీళ్ళ హడావిడి. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కింద మాత్రం రబ్బరు చెప్పులు. క్లారినెట్ వాయించే పెద్దాయన మధ్యలో వాద్యం కిందికి దించి ఓ గుక్క టీ తాగి, ఏ చరణం దగ్గర ఆపాడో సరిగ్గా అక్కణ్ణుంచే మళ్ళీ అందుకుంటాడు. అడ్వాన్సు పోగా మిగిలిన డబ్బు కోసం ఆయన తెల్లారేదాకా నిలబడతాడు. ఊళ్ళో ఇన్ని పార్టీలుండగా ముందు పనిచేసి తర్వాత డబ్బడిగేది ఈ పార్టీ ఒక్కటే. వీళ్ళని చూసి నేర్చుకోవలసింది ఏమీ లేదు.

నర్సీపట్నం దాటి కొండల వైపు డ్యూటీ పడితే మాత్రం ఈ మాటని కొంచెం కింద పెట్టి వెళ్ళండి. అక్కడి ఊళ్ళలో చాలా ఏళ్ళపాటు "రాత్రి పార్టీ వచ్చింది" అంటే తుపాకులతో అన్నలు వచ్చారని. మర్నాడు అదే దారిన కూంబింగ్ పార్టీ వచ్చేది. అన్నం ఎవరికి పెట్టావని రెండో పార్టీ మొదటి పార్టీ గురించి అడిగేది. అక్కడ పార్టీ అన్న మాటకి నవ్వే పాతవాళ్ళు తక్కువ.

మళ్ళీ రోడ్డు మీదికొద్దాం. ఇక్కడో మూడో పార్టీ ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. మొదటి పార్టీ బండివాడు, రెండోది బీమా కంపెనీ, వీళ్ళిద్దరి ఒప్పందంతో ఏ సంబంధమూ లేకుండా రోడ్డు దాటుతూ దెబ్బతిన్నవాడు మూడో పార్టీ. ఈ వివరణ మీకెవరైనా చెబితే నమ్మకండి. థర్డ్ పార్టీ అంటే థర్డ్ క్లాసు లాంటిదేనని, అన్నిటికన్నా చవకదని, చలానా తప్పించుకోవడానికి తప్ప పనికిరాదని ఊరంతా నమ్ముతుంది. మీరొక్కరూ నమ్మకపోతే ఏం బావుంటుంది? నాలుగు వరసల హైవే మీద ఎదురు దారిలో సైకిలు తొక్కుకుంటూ వచ్చే పెద్దమనిషికి తనకోసమే పార్లమెంటు ఓ చట్టం చేసిందని తెలిస్తే ఇంకా నెమ్మదిగా తొక్కుతాడు.

చివరికి కోర్టు. ఈ అర్థాన్ని చివరికి ఉంచడానికి కారణం, మిగతా అర్థాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే చేరతాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒకటో ఆర్డరే దావాలో పార్టీలెవరు అన్నదాని మీద మొదలవుతుంది. ఎవర్ని చేర్చాలి, ఎవర్ని అనవసరంగా చేర్చారు, ఎవర్ని వదిలేశారు, అంతా అక్కడే ఉంది. యార్డులో పేరు అడగొద్దని మేమిచ్చిన సలహా పాటించినవారికి ఇక్కడ కాస్త ఇబ్బంది కలగొచ్చు. ప్రతివాది పేరు, తండ్రి పేరు, ఊరు, వీధి రాయమంటారు. "ఒడిశా పార్టీ" అని రాస్తే తీసుకోరు. అది కోర్టు వాళ్ళ చాదస్తం, మా సలహాలో లోపం కాదు.

నల్లకోటు కింద ఫైళ్ళ కట్ట పట్టుకున్న గుమస్తా వరండాలోకొచ్చి "పార్టీ ఉన్నారా?" అని కేకేస్తాడు. అప్పుడు బెంచీ మీంచి ఓ మనిషి లేస్తాడు. మోకాళ్ళ మీద చేతులూని, నెమ్మదిగా. యార్డులో ఏనాడూ పార్టీ అనిపించుకోని మన చెరకు రైతే. ఇప్పుడతను పార్టీ. ఎందుకయ్యాడంటే, ఫీజు ఇచ్చుకోవలసింది ఇక్కడ అతనే. స్టాంపులకీ, టైపుకీ, టీలకీ పార్టీయే ఇచ్చుకోవాలి. పైపెచ్చు "పార్టీ మంచోడండి, అడక్కుండానే ఇస్తాడు" అని గుమస్తా చేత కితాబు కూడా పుచ్చుకుంటాడు.

ఇక్కడ ఎక్స్‌పార్టీ అని ఇంకో ముక్క వినబడుతుంది. మాజీ ఎమ్మెల్యేని ఎక్స్ ఎమ్మెల్యే అన్నట్టు, ఒకప్పుడు పార్టీగా వెలిగి ఇప్పుడు చితికిపోయినవాడు ఎక్స్‌పార్టీ అని మీరు అనుకుంటే ధైర్యంగా అలాగే అనుకోండి. వాయిదాకి రానివాణ్ణి పక్కన పెట్టి, వచ్చినవాడి మాట మాత్రమే విని తీర్పు చెప్పడమని ప్లీడర్లు అంటారు గానీ, ఆచరణలో పెద్ద తేడా కనబడదు. అలాంటి డిక్రీని రద్దు చెయ్యమని 30 రోజుల్లో అర్జీ పెట్టుకోవచ్చు. సమన్లు సరిగా అందకపోతే ఆ డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఈ 30 రోజుల సంగతి మాత్రం మర్చిపోవడం మంచిది. గుర్తుంచుకుంటే నిద్ర పట్టదు. ఇరవై తొమ్మిదో రోజు దాకా "పార్టీని కనుక్కుంటాను" అంటూ ఉండండి. ముప్పై ఒకటో రోజున ఆలస్యం మన్నించమని వేరే అర్జీ, దానికి వేరే ఫీజు.

ఎంత చెడ్డా ఒక్కోసారి రైతే గెలుస్తాడు. బెల్లం డబ్బు వడ్డీతో సహా ఇవ్వాలని డిక్రీ వస్తుంది. వరండాలో నలుగురూ చుట్టూ చేరతారు. గుమస్తా చేతులు కలిపి, ముఖం వెలిగిపోతుండగా అడుగుతాడు.

"మరి పార్టీ ఎప్పుడండీ?"

ఆ సమయంలో మీరు పక్కనుంటే రైతుకి జవాబు అందించండి.

"పార్టీ దొరికేక."